అవతలి పక్షం

వార్డెన్ గది, నర్సింగ్ విద్యార్థినుల హాస్టల్
జూన్

చిన్నోడికి అక్క రాసేది,

నువ్వు అచ్చు వేయించి పంపిన ప్రసంగం అందింది. ‘ఇంటికి శిరస్సు’ అని పేరు కూడా పెట్టావు. చదువుతుంటే ఒకచోట నవ్వొచ్చింది, ఒకచోట ఒళ్ళు మండింది, ఒకచోట కళ్ళు చెమర్చాయి. భార్య కోసం ప్రాణం పెట్టేవాడే భర్త అని రాసిన పేరా నీ గుండెలోంచి వచ్చింది. మిగతాదంతా సంఘ పెద్దలు వెనక నిలబడి చెబుతుంటే రాసుకున్నట్టుంది.

మూతి ముడుచుకోకు. మీ ఇంట్లో శిరస్సు ఎవరని మా మరదలిని అడిగితే ఏమంటుందో నాకు తెలుసు. “ఆయనే వదినా. కాకపోతే ఆ శిరస్సు మీద ఉండాల్సిన కళ్ళజోడు రోజూ నేనే వెతికిపెట్టాలి” అంటుంది.

పాస్టరువి అయ్యాక నీతో వాదించేవాళ్ళే లేకుండా పోయారు. అందరూ తలలూపేవాళ్ళే. అది నీకు మంచిది కాదు. భోజనాల బల్ల దగ్గర మనిద్దరం కీచులాడుకుంటుంటే నాన్న పెట్టిన నియమం గుర్తుందా? ముందు నా మాట నువ్వు చెప్పాలి, నీ మాట నేను చెప్పాలి. అవతలివాళ్ళు “అవును, నా మాటే, నాకంటే బాగా చెప్పావు” అని ఒప్పుకున్నాకే కాదనే హక్కు. ఈలోగా నోరు జారితే కంచం ముందు నుంచి లేచిపోవడమే. ఎన్నిసార్లు ఆకలితో పడుకున్నావో పాపం.

మళ్ళీ అలా వాదించుకుందాం, ఉత్తరాల్లో. ఆడా మగా గురించి, ఇల్లూ సంఘమూ గురించి, దేవుడు ఎవరికి ఏం అప్పగించాడో దాని గురించి. చెప్పడం ఒక ఉత్తరం, కాదనడం ఇంకో ఉత్తరం. రెండూ కలపకూడదు. ముందు నా పక్షం నువ్వు చెప్పు.

మా గువ్వ ఎలా ఉంది? ఆదివారం తరగతిలో నా ఒళ్ళో కూర్చుని అక్షరాలు కూడబలుక్కున్న పిల్ల. పెళ్ళయిన కొత్తలో ఉత్తరాలు రాసేది, ఇప్పుడు మానేసింది. మందిరంలో ఆర్గన్ ఇంకా ఆమే వాయిస్తోందా? టీచరమ్మ అలిగిందని చెప్పు.

అక్క


పాస్టరు ఇల్లు, మేడ మీది గది
జూలై

అక్కయ్యకు వందనాలు,

నీ ఉత్తరం చూసి చిన్నపిల్లాడిలా గంతులేశానని నీ మరదలు నవ్వింది. సరే, ఇదిగో నీ పక్షం. నిజాయితీగా చెబుతున్నాను, తూకం సరిపోయిందో లేదో చూసుకో.

దేవుడు తన పోలికలో చేసింది మగవాడిని ఒక్కడినే కాదు, ఇద్దరినీ. ఆమెను ‘సహాయం’ అన్నాడు గనక తక్కువ అనుకుంటే, అదే మాట లేఖనాల్లో దేవుడికి కూడా వాడారు, మరి ఆయనా తక్కువేనా? ఒకరు ఏలడం, ఒకరు అణగడం ఆ మొదటి జంట ఉన్న తోటలో లేదు. పాపం వచ్చాక వచ్చింది. ముల్లూ తుప్పా ఎలా వచ్చాయో అలాగే వచ్చింది. ముల్లు కనిపిస్తే పీకుతాం గానీ దేవుడు నాటాడని నీళ్ళు పోయం. తెరిచిన సమాధి ముందు మొదట నిలబడింది ఆడవాళ్ళు. వాళ్ళ నోటితోనే కబురు పంపిన ప్రభువు వాళ్ళను నోరు మూసుకోమంటాడా?

ఎలా ఉంది? రాస్తుంటే నాకే కాస్త భయమేసింది, నమ్మేస్తానేమోనని.

ఈ నియమం గురించి బుధవారం కూడికలో కూడా చెప్పాను. సంఘానికి తెగ నచ్చింది. పెద్దలు ఇప్పుడు కుర్చీలు ఎటు తిప్పి వేయాలన్న విషయం మీద కూడా ఇలాగే వాదించుకుంటున్నారు. మనుషులు కొట్టుకోకుండా విభేదించడం నేర్చుకుంటే అంతకన్నా సువార్త ఏముంది?

గువ్వ సంగతి. మొన్న కూడిక అయ్యాక ఆమె ఇంటికి వెళ్ళలేదు. ఆర్గన్ మూత వేసి దాని ముందే కూర్చుండిపోయింది. నీ మరదలు మా ఇంటికి తీసుకొచ్చి పిల్లల గదిలో పక్క వేసింది. నేను అడిగాను. కొట్టాడా అంటే లేదంది. తాగుతాడా అంటే లేదు. మరేంటమ్మా అంటే, “ఆయన నన్ను సరిచేస్తున్నారు అయ్యగారూ” అంది. ఎలా నడవాలి, ఎంత చప్పుడుతో నవ్వాలి, కిటికీలోంచి ఎంతసేపు చూడాలి. భర్త దిద్దడంలో ఇంత బెంగపడాల్సింది ఏముందో నాకు అంతుపట్టలేదు.

అతను నీకు తెలియదు. వడ్రంగి. మందిరంలో కొత్త బల్లలన్నీ అతను చేసినవే. ఎక్కడా ఒక్క మేకు తల బయటికి కనిపించదు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. పొద్దున వచ్చి మా మెట్ల మీద కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. “నాకు ఇంకేం వద్దు అయ్యగారూ, ఆమె ఆత్మ బాగుంటే చాలు” అన్నాడు. పెద్దలు ఇక ప్రతి శనివారం కూర్చుని మాట్లాడతారు.

ఇప్పుడు నా పక్షం నువ్వు చెప్పు. పిసినారితనం చేయకు.

తమ్ముడు


వార్డెన్ గది
ఆగస్టు

చిన్నోడా,

అవును, నా మాటే. ముల్లు సంగతి నాకంటే బాగా చెప్పావు. ఓడిపోయినా సంతోషంగా ఉంది.

నీ వంతు చెబుతున్నాను. నీ గొంతుతోనే, విడిగా ఒక కాగితం మీద చెబుతాను, విను.

“తల వంచడం ఓడిపోవడం కాదు. ప్రభువే తండ్రికి లోబడ్డాడు, అందుకు ఆయన తక్కువవాడు కాలేదు. ఇద్దరు సమానులైనా నడక ఒకరి వెనక ఒకరిదిగా ఉంటుంది, ఇరుకు దారిలో ఇద్దరు పక్కపక్కన నడవలేరు గనక. ముందు నడిచేవాడికి మొదటి దెబ్బ తగులుతుంది. అదే అతని పెద్దరికం. భర్త మంచివాడైతే లోబడటం గొప్పేం కాదు. అతను ఇంకా మంచివాడు కానప్పుడు లోబడటమే విశ్వాసం. ఆమె ఓర్పే అతనికి ప్రసంగం. వదిలి వెళ్ళడం తేలిక. ఉండిపోవడమే ప్రేమకు తెలిసిన కష్టమైన పని. నా ఇష్టం అన్న మాటను ఆయన పాదాల దగ్గర పెట్టి వచ్చిన ఆడదాని ఇంటిని ఏ గాలీ పడగొట్టలేదు. తలుపు తీసుకుని బయటికి వచ్చిన అమ్మా, నువ్వు మూసి వచ్చిన తలుపు వెనక దేవుడు ఇంకా పని చేస్తూనే ఉన్నాడు. తిరిగి వెళ్ళి ఆయన చేతికి సాయపడు.”

చూశావా, నేనూ ప్రసంగాలు చేయగలను. రాస్తుంటే చేయి ఆగలేదు, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగానే ఉంది. నువ్వు ‘నా మాటే’ అను. వచ్చే ఉత్తరంలో ఇందులో ఒక్క వాక్యం కూడా నిలబడకుండా చేస్తాను.

ఇక రెండో కాగితం మీద రాస్తున్నది వాదం కాదు, అసలు సంగతి. గువ్వను ఎక్కడికీ పంపకు. ‘సరిచేస్తున్నారు’ అన్న మాట నాకు నచ్చలేదు. ఒంట్లో ఎక్కడ నొప్పి అంటే చెప్పలేని పిల్లలను రోజూ చూస్తున్నదాన్ని, చెప్పలేకపోవడమే కొన్నిసార్లు నొప్పి. ఇక్కడ నా గది పక్కన ఒక గది ఖాళీగా ఉంది, మంచం ఉంది, మేడ మీద ప్రార్థన హాల్లో ఆర్గన్ కూడా ఉంది. ఆమెతో ఈ మాట చెప్పు. నేనే వచ్చి తీసుకెళ్ళేదాన్ని, కానీ హాస్టల్లో అంటుజ్వరం పాకింది. డాక్టరమ్మ గేటు మూయించింది, లోపలివాళ్ళు బయటికి పోకూడదు. ఉత్తరాలు కూడా ఎండలో ఆరబెట్టి పంపుతున్నారు.

గది సంగతి మరిచిపోకు.

అక్క


పాస్టరు ఇల్లు, మేడ మీది గది
ఆగస్టు ఆఖరు

అక్కయ్యా,

నా మాటే. నాకంటే బాగా చెప్పావు. నేను ఏళ్ళ తరబడి చెప్పలేక సతమతమవుతున్నది నువ్వు ఒక్క కాగితంలో పెట్టేశావు. చదివాక మోకరించి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

ఇంకో శుభవార్త. గువ్వ ఇంటికి వెళ్ళిపోయింది. పెద్దలు మొన్న శనివారం కూడా ఎంత నచ్చజెప్పినా ఆమె నోరు విప్పలేదు, తల అడ్డంగా ఊపుతూనే ఉంది. మా అందరి మాటలూ అయిపోయాయి. అప్పుడు నీ కాగితం గుర్తొచ్చింది. చదివి వినిపించాను. సగంలోనే తలెత్తి, “టీచరమ్మ రాశారా?” అంది. అవునన్నాను. కాగితం తీసుకుని నీ చేతిరాతను చూసింది. తనే ఒకసారి మెల్లగా చదువుకుంది, నీ దగ్గర నేర్చుకున్నట్టే, వేలు పెట్టి. “టీచరమ్మ కూడా ఇదే అంటే ఇక నేను ఎవరిని అడగాలి” అని లేచి సంచి సర్దుకుంది. అందరం కళ్ళు తుడుచుకున్నాం. వడ్రంగి ఆ కాగితం తనకు కావాలని అడిగాడు, ఇచ్చాను.

ఇది మన నియమం ప్రకారం రాసిన కాగితం అని ఆమెకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ అప్పటికే సంచి చేతిలో ఉంది, ఇప్పుడు చెప్పి మనసు చెదరగొట్టడం ఎందుకనిపించింది. నీ రెండో కాగితం కూడా చూపించలేదు. అది వేరే సంగతి కదా. దాన్ని నా జేబులోనే ఉంచుకున్నాను.

నీ మరదలు మాత్రం గువ్వ వెళ్ళేటప్పుడు వంటింట్లోంచి బయటికి రాలేదు. దాని ధోరణి దానిది.

ఇక నువ్వు కాదను. ఎదురుచూస్తున్నాను.

తమ్ముడు


వార్డెన్ గది
సెప్టెంబరు

తమ్ముడికి,

ఆటలు అయిపోయాయి. నియమం నాన్నది, ఇద్దరు పిల్లలు కొట్టుకోకుండా పెట్టింది. మూడో మనిషిని అందులోకి తోయడానికి కాదు.

నా రాతతో నువ్వు ఆమెను పంపావు. నా మాట కాని మాటను నా మాటగా వినిపించావు. నా మాటను మాత్రం జేబులో పెట్టుకున్నావు. మనసెలా ఒప్పిందిరా నీకు? ఆ పిల్ల నా చేతిరాతను నమ్మింది. నేను దిద్దించిన అక్షరాలవి.

ఇదిగో నా జవాబు, అలంకారాలు లేకుండా. లోబడమన్న మాట వాక్యంలో భార్యతో చెప్పింది. భార్యను లోబరచుకో అని భర్తతో ఎక్కడా చెప్పలేదు. భర్తతో చెప్పింది ప్రేమించు అనే. ఇది ఆమె పేరున వచ్చిన ఉత్తరాన్ని భర్త విప్పి, ఆమె నెత్తి మీద పెట్టి చదివినట్టుంది. ప్రభువు లోబడ్డాడు, నిజమే. ఎవరూ ఆయన చేయి మెలితిప్పలేదు. నా ప్రాణం నేనే పెడుతున్నాను, ఎవరూ తీసుకోవడం లేదు అన్నాడు. బలవంతంగా తీసుకుంటే దాని పేరు లోబడటం కాదు.

ఇది చదివాక చెప్పులేసుకుని ఆ ఇంటికి వెళ్ళు. ఈ ఉత్తరం, నీ జేబులో ఉన్న ఆ రెండో కాగితం, రెండూ ఆమె చేతిలో పెట్టు. అతని ముందు కాదు, ఒంటరిగా. నీ మీద చాలా కోపంగా ఉంది. అంతకన్నా ఎక్కువ భయంగా ఉంది.

అక్క


పాస్టరు ఇల్లు, మేడ మీది గది
సెప్టెంబరు

అక్కయ్యా,

వెళ్ళాను. ఒంటరిగా మాట్లాడటం కుదరలేదు.

ఇల్లు అద్దంలా ఉంది. టీ ఇచ్చింది. బాగున్నావా అమ్మా అంటే ముందు అతని వైపు చూసి, తర్వాత బాగున్నానంది. ఆర్గన్ గురించి అడిగితే అతనే చెప్పాడు, వేళ్ళకు అలవాటైన పని మనసును ఇంట్లో నిలవనివ్వదట, కొన్నాళ్ళు మాన్పించాడట. గదుల తలుపులన్నీ కొత్తగా చేశాడు, చాలా నున్నగా ఉన్నాయి. లోపలి గొళ్ళేలు తీసేశాడు. భార్యాభర్తల మధ్య గొళ్ళెం ఎందుకు అయ్యగారూ అన్నాడు. పడకగది తలుపుకు మాత్రం గొళ్ళెం బయటివైపు ఉంది. గాలికి కొట్టుకోకుండా అన్నాడు. ఆ గదికి ఉన్నది ఒక్క కిటికీ, అదీ మూసే ఉంది.

నీ కాగితం గోడ మీద ఉంది. టేకు చెక్కతో చట్రం చేసి, అద్దం వేసి పెట్టాడు. రోజూ పొద్దున ప్రార్థనకు ముందు ఆమె చేత పైకి చదివిస్తాడట. ఎక్కడైనా తడబడితే మళ్ళీ మొదటినుంచి. “మొదట్లో చాలాసేపు పట్టేది అయ్యగారూ, ఇప్పుడు ఫరవాలేదు” అని మెచ్చుకోలుగా చెప్పాడు. నాకోసం ఒకసారి చదవమన్నాడు. చదివింది. గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. నేను వద్దనలేదు. అలా వింటూ కూర్చున్నాను అక్కయ్యా.

జేబులో నీ కాగితాలు రెండూ ఉన్నాయి. అతను గుమ్మం దాకా, వీధి మలుపు దాకా నా పక్కనే నడుస్తూ వచ్చాడు.

ఏం చూసి వచ్చారు అని నీ మరదలు అడిగింది. పనితనం బాగుందన్నాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. నాకూ అన్నం సయించడం లేదు. పోలీసులకు చెప్పడానికి ఆమె ఒంటి మీద గీత కూడా లేదు, నోట మాట లేదు. ఏం చేయాలో చెప్పు. ఈసారి వాదించను.

తమ్ముడు


వార్డెన్ గది
అక్టోబరు

చిన్నోడా,

కొంతమంది పిల్లలు ఇంకా మంచం మీదే ఉన్నారు. గేటు తెరవగానే వస్తాను, కానీ అంతవరకూ ఆగడానికి లేదు.

ఆమె నోరు విప్పదు, నా రాతే ఆమె నోరు కట్టేసింది. అతను నీ మాట తప్ప ఎవరి మాటా వినడు. కాబట్టి ఆదివారం వేదిక మీద నిలబడి చెప్పు. అందరి ముందు, ఆమె వింటుండగా. గువ్వ పేరు ఎత్తకు, నీ తప్పు పేరు పెట్టి చెప్పు. ఆ కాగితం మీది మాట నాది కాదని చెప్పు. పాస్టరు ఇంటి తలుపు తెరిచి ఉందని చెప్పు. ఆ రెండు ముక్కలు ఆమె చెవిన పడితే లేచి మా మరదలి పక్కకు వచ్చి కూర్చుంటుంది. నాకు ఆ పిల్ల తెలుసు.

నువ్వు మంచివాడివిరా. ఆ మంచితనానికి ఇప్పుడు కాస్త గొంతు కావాలి.

అక్క


వడ్రంగి ఇంటి మెట్ల మీద
అక్టోబరు, ఆదివారం

అక్కయ్యా,

ప్రసంగం కాగితాల వెనక రాస్తున్నాను. నీ మరదలు పోలీసుల కోసం వెళ్ళింది. నన్ను ఇక్కడి నుంచి కదలొద్దంది.

చెప్పాను. నువ్వు చెప్పమన్నదంతా చెప్పాను. నేను తప్పు చేశాను అన్నాను. నా ఇంటికి వచ్చిన ఆడబిడ్డను తిప్పి పంపాను అన్నాను. మా అక్క రాసిందని చదివింది మా అక్క మాట కాదు, నా మాటను నాకోసం రాసిపెట్టింది అన్నాను. భార్యను వంచే అధికారం దేవుడు ఎవరికీ ఇవ్వలేదు, ఇక్కడ భయపడుతున్న ఏ ఆడమనిషికైనా పాస్టరు ఇంటి తలుపు తెరిచే ఉంటుంది అన్నాను. గువ్వ రెండో వరసలో ఉంది. తలెత్తింది. ఆమె చేయి ముందున్న బల్ల అంచు పట్టుకుంది. లేవబోతోంది, నేను చూశాను.

అంతలో జనం నవ్వుముఖాలతో తలలూపడం మొదలుపెట్టారు. నాకు అర్థం కాలేదు. పెద్దాయన, సంఘ పెద్దల్లో పెద్దాయన, లేచి వేదిక దగ్గరికి వచ్చి నా చేయి పట్టుకున్నాడు. “ఎంత బాగా చెప్పారండీ అవతలి పక్షం. మీ అక్కగారు ఉంటే, ‘అవును, నా మాటే’ అనేవారు. వచ్చే ఆదివారం మీ జవాబు కోసం కాచుకుని ఉంటాం” అన్నాడు.

“ఇది నా మాటేనండీ. జవాబు లేదు” అన్నాను.

“మరి అలాగే అనాలి కదా, నియమమే అది” అని భుజం తట్టాడు. చుట్టూ అందరూ మూగారు. ఒకరు కళ్ళు తుడుచుకుంటున్నారు, ఒకరు నన్ను దీవిస్తున్నారు. కాదు, కాదు అంటున్నాను. అన్నకొద్దీ ఇంకా మెచ్చుకుంటున్నారు. నేనే నేర్పాను కదా వీళ్ళకు, వినడం ఇలాగే అని.

వడ్రంగి ఆమె మోచేయి పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చాడు. “వచ్చే ఆదివారం దాకా ఎందుకు అయ్యగారూ, జవాబు మా ఇంట్లో ఉంది కదా. వెళ్ళగానే చదివిస్తాను” అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా. గువ్వ నా ముఖంలోకి చూసింది. నేను నిజంగా అన్నానా, ఆట ఆడానా అని వెతుకుతోంది. గట్టిగా, “నిజం అమ్మా, మా ఇంటికి రా” అన్నాను. పెద్దాయన పకపకా నవ్వాడు. దానితో ఆమె కళ్ళు వాలిపోయాయి. వాళ్ళు వెళ్ళిపోయారు. జనాన్ని తోసుకుని నేను బయటపడేసరికి నీ మరదలు చెప్పులు కూడా లేకుండా వీధిలో పరుగెత్తుతోంది.

వచ్చినప్పటి నుంచి తలుపు కొడుతున్నాం. తీయడం లేదు. లోపల ఆమె చదువుతోంది, వీధిలోకి వినిపిస్తోంది. ‘వదిలి వెళ్ళడం తేలిక’ దగ్గర ఆమె గొంతు ఆగుతోంది. అతను ఏదో మెల్లగా అంటున్నాడు. మళ్ళీ మొదటినుంచి. తల వంచడం ఓడిపోవడం కాదు. మళ్ళీ అక్కడే ఆగుతోంది. నేను బయటి నుంచి గువ్వా, గువ్వా అని పిలిచాను. నా గొంతు ఆమెకు వినిపించినట్టుంది. తర్వాత ఇంకా గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

నీ మరదలు ఇంకా రాలేదు. ఎదురింటివాళ్ళు కిటికీలోంచి చూస్తున్నారు, పాస్టరుగారు ఇంటింటి ప్రార్థనకు వచ్చారనుకుంటున్నట్టున్నారు. ఒకామె నమస్కారం కూడా పెట్టింది.

అక్కయ్యా, చదవడం ఆగిపోయింది. అతని గొంతూ వినిపించడం లేదు. నేను లేస్తున్నాను.